తమ్ముడి కంచం వేరు చేయాలా?

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. మా తమ్ముడికి 26 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం మెడకి ఎడమవైపు బిళ్లలు కట్టాయి. నొప్పేమీ లేదు. ఒక ఆస్పత్రిలో సూదితో తీసి చూసి టీబీ కావచ్చన్నారు. నాలుగు నెలలు టీబీ మందులు వాడాం. బిళ్లలు తగ్గకపోగా ఛాతీలో కూడా వచ్చాయి. చివరికి హైదరాబాద్‌లో ఒక బిళ్ల మొత్తం తీసి పరీక్ష చేస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్, రెండో స్టేజి అని తేలింది. రిపోర్టు చివర 'ఈబీవీ పాజిటివ్' అని ఉంది. నెట్‌లో చూస్తే అదొక వైరస్ అని, ఉమ్ము ద్వారా అంటుకుంటుందని రాసి ఉంది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. మా వదిన ఐదు నెలల గర్భిణి. వాళ్ల నాలుగేళ్ల బాబుని అమ్మమ్మ గారింటికి పంపేశారు. వాడేమో ఫోన్లో 'బాబాయ్ ఏడి' అని అడుగుతున్నాడు. తమ్ముడికి కంచం, గ్లాసు, దుప్పటి వేరు చేశారు. వాడు వసారాలో కూర్చుని తింటున్నాడు. మా వదిన చెడ్డది కాదండీ, భయపడుతోంది. ఈ జబ్బు అంటుకుంటుందా? ఆ వైరస్‌ని చంపే ఇంజెక్షన్ ఏదైనా ఉందా? మేమంతా పరీక్షలు చేయించుకోవాలా? మా అమ్మాయికి 11 ఏళ్లు, దానికి ఏదైనా టీకా వేయించాలా? వచ్చే వారం వాడికి మొదటి కీమో.
— ఎస్., ఖమ్మం జిల్లా

జవాబు:

అమ్మా, ముందు కంచం సంగతి తేల్చేద్దాం. మీ తమ్ముడి కంచం తీసుకెళ్లి మిగతా కంచాల్లో కలిపేయండి. ఆయన జబ్బు అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా అంటుకోదు. రిపోర్టులో రాసిన వైరస్ అంటుకునే రకమే, అది నిజం. కానీ దాన్నుంచి మీ ఇంట్లో పెద్దవాళ్లని కాపాడుకునే సమయం ఎప్పుడో దాటిపోయింది. ప్రపంచంలో పెద్దవాళ్లు నూరు మందిని తీసుకుంటే 90 మందికి పైగా ఒంట్లో అది ఉంది. మీలో, మీ వదినలో, మీ అమ్మగారిలో, ఈ జవాబు రాస్తున్న నాలో కూడా ఉండే ఉంటుంది.

ఎప్పుడు వచ్చిందంటారా? ఇది ఎంగిలితో వచ్చే వైరస్. ముద్ద వేడిగా ఉందేమోనని అమ్మ తన నోట్లో పెట్టుకుని చూసి మనకి పెట్టినప్పుడు వచ్చి ఉంటుంది. లేదా బడి దగ్గర జామకాయ మీద గౌను అంచు కప్పి కాకెంగిలి కొరికినప్పుడు వచ్చి ఉంటుంది. గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి కాదని మనం నమ్మాం, వైరస్ నమ్మలేదు. మన దేశంలో ఎక్కువమందికి ఇది చిన్నతనంలోనే వచ్చేస్తుంది. పసివాళ్లలో మామూలు జలుబు, జ్వరంలా వచ్చిపోతుంది, చాలామందిలో ఆ మాత్రం కూడా కనిపించదు. అమెరికా, ఐరోపాల్లో కొందరికి టీనేజీ దాకా రాదు. ఆ వయసులో వస్తే మాత్రం గొంతునొప్పి, జ్వరం, మెడలో బిళ్లలు, వారాల తరబడి నీరసం. దాన్ని అక్కడ 'కిస్సింగ్ డిసీజ్' అంటారు, అంటే ముద్దుల జబ్బు. ఒకసారి ఒంట్లోకి వచ్చాక ఈ వైరస్ బి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల్లో నక్కి కూర్చుంటుంది, జీవితాంతం మనతోనే ఉంటుంది. అప్పుడప్పుడూ కాస్త ఉమ్ములోకి వస్తుంది, మళ్లీ దాక్కుంటుంది.

నా ఒక్క మాట మీద మీ వదిన నమ్మకపోవచ్చు. అందుకే ఈ వైరస్ ఎలా దొరికిందో కాస్త వివరంగా చెబుతాను. భోజనాలయ్యాక అందరూ కూర్చున్నప్పుడు చదివి వినిపించండి. మీరడిగిన వాటిలో సగానికి జవాబు ఆ కథలోనే ఉంది.

1957లో ఉగాండా రాజధాని కంపాలాలో, ములాగో ఆస్పత్రిలో డెనిస్ బర్కిట్ అనే ఐర్లండ్ సర్జన్ పనిచేసేవాడు. చిన్నప్పుడు రాయి తగిలి ఒక కన్ను పోయింది. ఉన్న ఒక్క కంటితోనే ఆపరేషన్లు చేసేవాడు. ఒకరోజు పిల్లల డాక్టరు పిలిచి ఐదేళ్ల బాబుని చూపించాడు. దవడలు రెండు వైపులా, పైనా కిందా, నాలుగు మూలలా వాచిపోయాయి. గడ్డ అయితే ఒక పక్కే ఉండాలి, ఇన్‌ఫెక్షన్ అయితే ఇలా ఉండదు. ఏమిటో అర్థం కాలేదు. కొన్ని వారాల తర్వాత జింజా అనే ఊరి ఆస్పత్రికి వెళ్లినప్పుడు అచ్చం అలాంటి ముఖంతోనే ఇంకో బిడ్డ కనిపించింది. కడుపులో కూడా గడ్డలున్నాయి. ఒక్కరైతే వింత అని వదిలేయొచ్చు, ఇద్దరు కనిపించాక వదిలేయలేకపోయాడు. పాత కేసులన్నీ తిరగేసి 1958లో ఒక వ్యాసం రాశాడు. అది లింఫోమాలో ఒక రకమని తర్వాత తేలింది. ఇప్పుడు దాన్ని బర్కిట్ లింఫోమా అంటాం.

ఆ తర్వాత ఆయన చేసిన పనికి ల్యాబ్ కూడా అక్కర్లేకపోయింది. ఆఫ్రికా అంతటా ఆస్పత్రులకి ఉత్తరాలు రాసి, ఇలాంటి పిల్లలు మీ దగ్గర ఉన్నారా అని అడిగాడు. 1961లో ఇద్దరు డాక్టర్ మిత్రులతో ఒక పాత ఫోర్డ్ కారెక్కి పది వారాల్లో పదివేల మైళ్లు తిరిగాడు. ఊరూరా ఆగి పిల్లల ఫొటోలు చూపించి అడిగేవాడు. జబ్బు ఉన్న చోట్లన్నీ మ్యాప్ మీద గుర్తు పెట్టుకుంటూ పోతే ఒక సంగతి బయటపడింది. ఎత్తుగా, చల్లగా ఉన్న ప్రాంతాల్లో ఆ జబ్బు లేదు. వేడి, వానలు బాగా ఉన్న పల్లపు ప్రాంతాల్లో ఉంది. మలేరియా ఉన్న చోటే ఇదీ ఉంది.

అదే సంవత్సరం మార్చి 22న బర్కిట్ లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో ప్రసంగించాడు. వినడానికి వచ్చినవాళ్లలో ఆంథనీ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు ఉన్నాడు. ఆయన పని కోళ్లలో క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ మీద. కోళ్ల వైరస్ సంగతి 1911 నుంచీ తెలుసు. కానీ మనుషులకి కూడా వైరస్ వల్ల క్యాన్సర్ వస్తుందంటే ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకునేవారు కాదు. వానని, ఎండని బట్టి క్యాన్సర్ వస్తోందని వినగానే, దీని వెనక ఏదో సూక్ష్మజీవి ఉండాలని ఎప్‌స్టీన్‌కి తట్టింది. ప్రసంగం అయ్యాక బర్కిట్‌ని పట్టుకుని, ఆ పిల్లల గడ్డల ముక్కలు లండన్‌కి పంపమని అడిగాడు.

కంపాలా నుంచి విమానంలో ముక్కలు వచ్చేవి. ఎప్‌స్టీన్ వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూసేవాడు. రెండేళ్లు దాటినా ఏమీ కనిపించలేదు. 1963 డిసెంబరులో ఒకరోజు లండన్‌లో దట్టంగా పొగమంచు పట్టి విమానాన్ని మాంచెస్టర్‌కి మళ్లించారు. ముక్క చేతికొచ్చేసరికి ఆలస్యమైంది. సీసాలో నీళ్లు కుడితిలా మసకబారి ఉన్నాయి. బ్యాక్టీరియా పట్టి పాడైపోయిందనుకుని పారబోయవచ్చు. ఎప్‌స్టీన్ పారబోయకుండా ఒక చుక్క తీసి మామూలు మైక్రోస్కోప్ కింద చూశాడు. అందులో బ్యాక్టీరియా లేదు. ప్రయాణం కుదుపులకి గడ్డ నుంచి విడిపోయిన క్యాన్సర్ కణాలు ప్రాణంతో తేలుతున్నాయి. గడ్డ ముక్కగా పెడితే పెరగని కణాలు ఇలా విడివిడిగా ఉంటే సీసాలో పెరగడం మొదలెట్టాయి. కణాలని పరీక్షించి జబ్బు తేల్చే పాథాలజీలో ఇన్నేళ్లు గడిపినదాన్ని కాబట్టి నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. పాడైందనుకున్న సీసాలోకి ఒకసారి తొంగి చూసే ఓపిక లేకపోతే ఈ వైరస్ ఇంకెన్నాళ్లకి దొరికేదో!

1964 ఫిబ్రవరిలో ఆ పెంచిన కణాలని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే, చూసిన మొదటి కణాల్లోనే వైరస్ కనిపించింది. చూస్తూ కూర్చుంటే ఆ కిరణాల వేడికి నమూనా కాలిపోతుందేమోనని భయపడి యంత్రం ఆపేసి, మంచులో వీధి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడట. మార్చి 28న ఎప్‌స్టీన్, ట్రినిడాడ్ నుంచి వచ్చిన బర్ట్ అచాంగ్, కణాలు పెంచడంలో చేయి తిరిగిన ఈవాన్ బార్ ముగ్గురి పేర్లతో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. మీ రిపోర్టులో ఉన్న ఈ, బీ, వీ అంటే ఎప్‌స్టీన్ బార్ వైరస్. పాపం అచాంగ్ పేరు అందులో కలవలేదు. ఎప్‌స్టీన్ 102 ఏళ్లు బతికి 2024లో కన్నుమూశాడు.

మీ వదినకి అసలు వినిపించాల్సిన భాగం ఇప్పుడొస్తుంది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో వెర్నర్ హెన్లె, గెర్ట్రూడ్ హెన్లె అనే భార్యాభర్తలు ఈ వైరస్ ఎవరెవరికి సోకిందో తెలుసుకోవడానికి రక్తపరీక్ష తయారుచేశారు. ఆఫ్రికాలో జబ్బుపడిన పిల్లల రక్తంలో దాని ఆనవాళ్లు కనిపించాయి, అది అనుకున్నదే. అయితే ఏ జబ్బూ లేని అమెరికన్ పెద్దవాళ్లలో కూడా, చాలామందిలో కనిపించాయి! వాళ్ల ల్యాబ్‌లోనే పనిచేసే ఒక టెక్నీషియన్ రక్తంలో మాత్రం లేవు. 1967లో ఆ అమ్మాయికి ముద్దుల జబ్బు వచ్చింది. తగ్గాక పరీక్షిస్తే రక్తంలో ఆనవాళ్లు వచ్చేశాయి. ముద్దుల జబ్బుకి కారణం ఈ వైరసే అని అలా తెలిసింది.

మరి అందరి ఒంట్లో ఉన్నది కొందరికే ఎందుకు ఇంత కీడు చేస్తుంది? వైరస్ ఒక్కటే చాలదు కాబట్టి. ఉగాండా పిల్లల్లో దానికి మలేరియా తోడైంది. మాటిమాటికీ మలేరియా వస్తే బి కణాలు విపరీతంగా విభజన చెందుతాయి, వైరస్‌ని అదుపులో పెట్టే శక్తి సన్నగిల్లుతుంది, ఆ హడావిడిలో ఏదో ఒక కణంలో క్రోమోజోములు విరిగి తప్పుగా అతుక్కుంటాయి. ఇదే వైరస్ దక్షిణ చైనాలో, మన నాగాలాండ్‌లో ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్‌తో ముడిపడి ఉంది. హాడ్జ్‌కిన్ లింఫోమాలోనైతే, పాశ్చాత్య దేశాల్లో సుమారు మూడోవంతు కేసుల్లో గడ్డలో ఈ వైరస్ ఉంటుంది, మిగతా వాటిలో ఉండనే ఉండదు. మన దేశం లాంటి చోట్ల ఆ వాటా ఎక్కువ, ముఖ్యంగా పిల్లల్లో. కాబట్టి పాజిటివ్ అన్న మాట మన పాథాలజిస్టులకి వింతేమీ కాదు.

గడ్డలో అది చేసే పని ఏమిటంటే, సరిగ్గా తయారుకాని బి కణం దానంతట అది చనిపోవాలి, అది ఒంటి నియమం. వైరస్ తన ప్రోటీన్లతో 'ఈ కణం పనికొస్తుంది, ఉండనివ్వండి' అని దొంగ సంకేతం ఇస్తుంది. రద్దయిపోయిన రేషన్ కార్డు మీద నెలనెలా సరుకులు తెచ్చుకుంటున్నట్టన్నమాట. ఆ కణం చావకుండా మిగిలి, దానికి ఇంకొన్ని జన్యు లోపాలు తోడై, చివరికి ఈ జబ్బవుతుంది. ఇది మీ తమ్ముడి ఒంట్లో ఒక్క కణంలో మొదలైన గొడవ. ఆయన తిండి వల్ల, అలవాట్ల వల్ల వచ్చింది కాదు. ఆ కణాలు ఎంగిలితో ఇంకొకరి ఒంట్లోకి వెళ్లి పెరిగేవీ కాదు.

ఇక ఇంజెక్షన్ సంగతి. దాక్కున్న వైరస్‌ని తీసేసే మందు లేదు. వైరస్‌లకి వాడే ఎసైక్లోవిర్ లాంటివి ఇక్కడ పనిచేయవు. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బులడిగితే ఇవ్వకండి. అక్కర కూడా లేదు. వైరస్ ఉన్నా లేకపోయినా ఈ జబ్బుకి వైద్యం ఒకటే, క్యాన్సర్ కణం చస్తే దానిలోపలి వైరస్ కూడా దానితోనే పోతుంది. ఎక్కువమందికి ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో ఇస్తారు, రెండు వారాలకొకసారి. రెండో స్టేజిలో నూటికి 80, 90 మంది దాకా పూర్తిగా బాగవుతారు. క్యాన్సర్లలో ఇంత బాగా లొంగేవి తక్కువ. ఇంట్లో మిగతావాళ్లకి ఈబీవీ పరీక్ష దండగ, అందరికీ పాజిటివ్ వచ్చి ఇంకో నెల నిద్రపట్టదు, అంతే. ఖర్చు భయం ఉంటే ఆరోగ్యశ్రీలో ఈ కీమో వస్తుంది, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే మాట్లాడండి.

టీబీ మందులతో పోయిన నాలుగు నెలల గురించి మీకు కోపం ఉంటుంది, ఉండాలి కూడా. మన దగ్గర మెడ బిళ్లలంటే టీబీయే ఎక్కువ, కాబట్టి అనుమానించడంలో తప్పులేదు. ముక్క పరీక్షలో తేల్చకుండా మందులు మొదలెట్టడం, రెండు నెలలైనా తగ్గకపోతే మళ్లీ చూడకపోవడం తప్పు. హాడ్జ్‌కిన్ బిళ్లలో అసలు క్యాన్సర్ కణాలు నూటికి ఒకటో అరో ఉంటాయి, చుట్టూ మామూలు కణాలే. సూదికి అవి చిక్కకపోవచ్చు. అందుకే బిళ్ల మొత్తం తీయాలి. మైక్రోస్కోప్ కింద ఆ కణం రెండు పెద్ద కళ్లతో గుడ్లగూబలా చూస్తుంది, ఒకసారి చూస్తే మరిచిపోం. ఈ తికమక కొత్తది కాదు. ఆ కణాన్ని వర్ణించిన ఆస్ట్రియా డాక్టరు స్టెర్న్‌బర్గ్ 1898లో దీన్ని టీబీలోనే ఒక రకం అనుకున్నాడు. కాదు, ఇది వేరే జబ్బని 1902లో డొరోతీ రీడ్ అనే యువ డాక్టరు తేల్చి చెప్పింది. ఇప్పటికీ ఆ కణానికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు జాగ్రత్తలు. మీ ఇంట్లో అన్నీ తిరగబడి ఉన్నాయి. కీమో మొదలయ్యాక తెల్లకణాలు పడిపోతాయి, కాబట్టి కాపాడుకోవాల్సింది ఆయన్ని, మిమ్మల్నించి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఆయన దగ్గరికి వెళ్లకండి. ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. బయట కోసి అమ్మే పండ్లు, పానీపూరీ వద్దు, ఇంట్లో వేడిగా వండింది పెట్టండి. బాబుని పిలిపించండి, బాబాయ్ దగ్గర కూర్చోనివ్వండి. వాడి బడిలో ఎవరికైనా అమ్మవారు పోస్తే మాత్రం వెంటనే డాక్టరుకి చెప్పండి, ఆటలమ్మ కీమోలో ఉన్నవాళ్లకి ప్రమాదం. పోలియో చుక్కల రోజు వస్తే వేయించే ముందు కూడా అడగండి. తమ్ముడికి జ్వరం 100.4 దాటితే, అర్ధరాత్రయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

మీ వదినకి పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది, అది వైరస్‌కి సంబంధించింది కాదు. కీమో ఎక్కించాక రెండు రోజులు ఆ మందులు మూత్రంలో, వాంతిలో బయటికొస్తాయి. ఒక మందు ఎర్రగా ఉంటుంది, మూత్రం కూడా ఎర్రగా వస్తే రక్తమని కంగారుపడకండి. ఆ రెండు రోజులూ ఆయన వాడాక బాత్రూంలో రెండుసార్లు నీళ్లు బాగా కొట్టాలి. వాంతి పడిన దుప్పట్లు, బట్టలు గర్భిణి ముట్టుకోకూడదు, వేరేవాళ్లు గ్లవ్స్ వేసుకుని ఉతకాలి. ఆమె భయానికి చేయడానికి ఒక పని దొరికితే కంచం మీద నుంచి దృష్టి మళ్లుతుంది. ఆమెతో గొడవ పెట్టుకోకండి.

ఈబీవీకి టీకా ఇంకా రాలేదు. కానీ క్యాన్సర్ తెచ్చే వైరస్‌లు ఇంకో రెండింటికి ఉంది. ఒకటి హెపటైటిస్ బి, లివర్ క్యాన్సర్ తెచ్చేది. దాని టీకా ఒకప్పుడు దిగుమతి చేసుకోవాల్సి వచ్చేది, 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి చవకగా ఇచ్చింది. పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు వేయాలి, వదినకి ఇప్పుడే గుర్తుచేయండి. తమ్ముడికి కీమోకి ముందు హెపటైటిస్ బి పరీక్ష చేశారో లేదో కూడా అడగండి. ఒంట్లో నిద్రపోతున్న ఆ వైరస్ కీమోతో నిద్రలేస్తే లివర్ దెబ్బతింటుంది. ముందే తెలిస్తే మాత్రలతో ఆపవచ్చు.

రెండోది మీ అమ్మాయి కోసం. హెన్లె దంపతుల ల్యాబ్‌లో హరాల్డ్ ట్సుర్ హౌసెన్ అనే జర్మన్ కుర్రాడు ఈబీవీ మీదే పని నేర్చుకున్నాడు. తర్వాత గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద పడ్డాడు. అప్పట్లో అందరూ హెర్పిస్ వైరస్‌ని అనుమానించేవారు, ఈయన వెతికితే గడ్డల్లో అది దొరకలేదు. పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ కుటుంబంలో చూడాలంటే చాలామంది ఒప్పుకోలేదు. 1983లో ఒక రకాన్ని, 1984లో ఇంకో రకాన్ని పట్టుకున్నాడు. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఆ రెండు రకాల వల్లే. 2008లో నోబెల్ వచ్చింది. ఆ పని పుణ్యమే హెచ్‌పీవీ టీకా. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. మీ అమ్మాయిది సరైన వయసు. పుణేలో తయారయ్యే సెర్వావ్యాక్ కూడా దొరుకుతోంది, ఖరీదు వల్ల ఆగిపోకండి.

వచ్చే వారం కీమో అన్నారు కాబట్టి ఒక్క విషయం ఈ రెండు రోజుల్లోనే అడగండి. మీ తమ్ముడికి ఇంకా పెళ్లి కాలేదనుకుంటాను. ఈ మందులతో పిల్లలు పుట్టే శక్తి దెబ్బతినే అవకాశం తక్కువే, అయినా కీమోకి ముందే వీర్యం భద్రపరిచే సౌకర్యం గురించి డాక్టరుని అడగమని ఆయనకి చెప్పండి. అక్క చెబితే సిగ్గుపడతాడనుకుంటే అన్నయ్యతో చెప్పించండి. మొదటి కీమో ఎక్కాక అడిగితే లాభం లేదు.

సాధారణంగా రెండు సైకిళ్లు, అంటే నాలుగుసార్లు కీమో ఎక్కాక, జబ్బు ఎంత మిగిలిందో చూపే పెట్ స్కాన్ తీస్తారు. ఆ రిపోర్టులో డోవిల్ స్కోర్ అని 1 నుంచి 5 దాకా ఒక అంకె ఉంటుంది. 1, 2, 3 అయితే మందు బాగా పనిచేస్తున్నట్టే. 4, 5 అయితే డాక్టర్లు మందులు మారుస్తారు, అప్పుడు కూడా దారులున్నాయి. ఏ అంకె వచ్చినా నాకు రాయండి.